యంగ్స్ మాడ్యులస్ యంగ్ గారి కళ్ళు

సెకండియర్‌లో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ గుర్తుందా? ఉక్కు కడ్డీని మెషీన్‌కి బిగించడం, సాగదీయడం, గ్రాఫ్ గీసి వాలు కొలవడం, రికార్డులో యంగ్స్ మాడ్యులస్ విలువ రాసి సార్ సంతకం కోసం లైన్లో నిలబడడం. అంతకు ముందు ఇంటర్ ఫిజిక్స్‌లో యంగ్ డబుల్ స్లిట్ ప్రయోగం కూడా చదివాం. ఆ యంగ్, ఈ యంగ్ ఒక్కరే అని నాకు చాలాకాలం తెలీదు. తెలిసింది ల్యాబ్‌లోనూ కాదు, క్లాసులోనూ కాదు. కళ్ళద్దాల షాపులో.

పోయిన సెమిస్టర్ అంతా నాకు సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. ల్యాపులో కోడ్ చదువుతుంటే అక్షరాలకు నీడలు ఉన్నట్టు కనిపించేవి. ల్యాపే పాతది, స్క్రీన్ పోయిందనుకున్నాను. బ్రైట్‌నెస్ పెంచాను, తగ్గించాను, బ్యాక్‌గ్రౌండ్ నల్లగా మార్చాను. ఏం చేసినా ఒకటే. చివరికి అమ్మ పోరు పడలేక కళ్ళు చూపించుకున్నాను. వాళ్ళిచ్చిన చీటీలో మూడు గడులున్నాయి: స్ఫియర్, సిలిండర్, యాక్సిస్. మొదటిదానిలో పెద్దగా ఏమీ లేదు. రెండోదాంట్లో ఉంది అసలు సంగతి. సిలిండర్ పవర్ అంటే ఏంటని అడిగితే, నిలువు గీతలు ఒక దూరంలో, అడ్డ గీతలు ఇంకో దూరంలో ఫోకస్ అవుతున్నాయి, రెండూ ఒకేసారి స్పష్టంగా కనపడవు అని చెప్పారు. దీన్నే ఆస్టిగ్మాటిజం అంటారట.

రూముకొచ్చి దాని గురించి చదువుతుంటే, ఈ లోపాన్ని మొట్టమొదట కొలిచి రాసిన మనిషి పేరు కనిపించింది: థామస్ యంగ్. కొలిచింది ఎవరి కంట్లోనో కాదు, తన కంట్లోనే. ఇంకాస్త చదివితే, నా ముందున్న స్క్రీన్ మీద చిన్న అక్షరాలు చదవగలిగేలా చేసే టెక్నిక్ వెనక కూడా ఆయన ఆలోచనే ఉందని అర్థమైంది. కంప్యూటర్ పుట్టక ముందు, కరెంటు బల్బు కూడా లేని రోజుల్లో పోయిన మనిషి. ఆయన కథ ఇది.

రెండేళ్ళకే చదువు

థామస్ యంగ్ 1773 జూన్ 13న ఇంగ్లండులోని సోమర్‌సెట్ జిల్లాలో మిల్వర్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. పదిమంది పిల్లల్లో పెద్దవాడు. ఇంట్లో వాళ్ళు క్వేకర్లు. ఆడంబరం లేకుండా బతకాలనే క్రైస్తవ శాఖ అది. తండ్రి బట్టల వ్యాపారి, బ్యాంకు పని కూడా చూసేవాడు. చిన్నతనం చాలావరకు తల్లి పుట్టింట్లో, తాతగారి దగ్గర గడిచింది.

రెండేళ్ళ వయసుకే గడగడా చదివేవాడట. నాలుగేళ్ళు వచ్చేసరికి బైబిల్ మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివేశాడు. పధ్నాలుగేళ్ళకి లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియన్ వచ్చు. హీబ్రూ, అరబిక్, పర్షియన్ లాంటి తూర్పు భాషల్లోనూ వేలు పెట్టాడు. అంటే ఆ వయసుకే ఎడమనుంచి కుడికి రాసే లిపులూ, కుడినుంచి ఎడమకు రాసే లిపులూ, విడిగా ఉండే అక్షరాలూ, కలిసిపోయి నడిచే అక్షరాలూ అన్నీ ఆయన కళ్ళకు అలవాటయ్యాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పని పడుతుంది.

పధ్నాలుగో ఏట హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక సంపన్న కుటుంబంలో వాళ్ళ మనవడు హడ్సన్ గర్నీకి తోడుగా చదువుకుంటూ, అతనికి చదువు చెబుతూ ఐదేళ్ళు ఉన్నాడు. ఆ పిల్లవాడు యంగ్ కన్నా రెండేళ్ళే చిన్న. ఆ స్నేహం యంగ్ పోయేదాకా నిలిచింది.

తల్లి వైపు తాత వరసయ్యే రిచర్డ్ బ్రాక్లెస్‌బీ అనే ఆయన లండన్‌లో పేరున్న డాక్టరు. మనవడు కూడా డాక్టర్ కావాలని ఆయన కోరిక. అలా 1792లో యంగ్ వైద్యం చదవడానికి లండన్ చేరాడు.

ఎద్దు కన్ను

మొదటి ఏడాదే ఒక ప్రశ్న యంగ్‌ని పట్టుకుంది. దూరంగా ఉన్న కొండను చూసి, వెంటనే చేతిలో పుస్తకం చూస్తే రెండూ స్పష్టంగానే కనిపిస్తాయి. కెమెరా అయితే లెన్సుని ముందుకో వెనక్కో జరపాలి. మరి కన్ను ఏం జరుపుతోంది? అప్పటికి దీనికి ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. కంటి గుడ్డే పొడవు పెరుగుతుందని కొందరు, ముందుండే కార్నియా వంపు మారుతుందని కొందరు, లోపలి లెన్సు జరుగుతుందని ఇంకొందరు అనేవారు.

యంగ్ అప్పుడే చంపిన ఎద్దు కన్నును కోసి చూశాడు. లోపలి లెన్సులో పోగులు కనిపించాయి. అవి కండరాలే అనుకున్నాడు. ఆ కండరాలు బిగిస్తే లెన్సు ఉబ్బుతుంది, దగ్గరివి కనిపిస్తాయి అని 1793లో రాయల్ సొసైటీకి పేపర్ పంపాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు నిండలేదు. మరుసటి ఏడు, 21 ఏళ్ళకే, రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. మన లెక్కలో చెప్పాలంటే థర్డియర్ కుర్రాడు.

కానీ ఆ సిద్ధాంతం మీద వెంటనే గొడవ మొదలైంది. ఈ ఆలోచన నాదే అని జాన్ హంటర్ అనే పెద్ద సర్జన్ అడ్డొచ్చాడు. లెన్సుకు కండర శక్తి లేదని, మార్పు వేరే చోట జరుగుతోందని ఇంకొందరు వాదించారు. యంగ్ తన మాట వెనక్కి తీసుకున్నాడు కూడా. కొంతకాలం ఆ సంగతి పక్కన పడింది.

ఈలోగా ఎడిన్‌బరోలో చదివాడు. జర్మనీలో గెట్టింగెన్ వెళ్ళి 1796లో డాక్టర్ పట్టా తెచ్చుకున్నాడు. తర్వాత కేంబ్రిడ్జిలో చేరాడు. అక్కడ తోటి విద్యార్థులు ఆయనకు ఫినామినన్ యంగ్ అని పేరు పెట్టారు. కొంత మెచ్చుకోలు, కొంత వెటకారం. 1797లో తాతగారు పోతూ లండన్‌లో ఇల్లు, పదివేల పౌన్లు రాసిచ్చారు. డబ్బు బెంగ తీరింది. 1800 నాటికి లండన్‌లో వెల్బెక్ స్ట్రీట్‌లో ప్రాక్టీసు పెట్టాడు.

తన కన్నే ప్రయోగశాల

ఆ ఏడాది నవంబరులో, 27 ఏళ్ళ వయసులో, కన్ను పనిచేసే తీరు మీద రాయల్ సొసైటీలో ఆయన చదివిన ఉపన్యాసం చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ప్రయోగాలన్నీ తన కన్ను మీదే.

కంటి గుడ్డు పొడవు మారుతుందన్న వాదాన్ని ఎలా పరీక్షించాలి? యంగ్ కన్నును ముక్కు వైపు బాగా తిప్పి, బయటి వైపు సందులోంచి ఒక తాళంచెవి రింగును కంటి గుడ్డు వెనక దాకా దూర్చి నొక్కాడు. కన్నును నొక్కితే మనకు వెలుగు చుక్కలు కనిపిస్తాయి కదా, అలాగే ఆయనకో వెలుగు వలయం కనిపించింది. దగ్గరి వస్తువు మీదికి చూపు మార్చినప్పుడు కన్ను సాగితే, ఆ వలయం మారాలి. మారలేదు. కాబట్టి కన్ను సాగడం లేదు. దయచేసి దీన్ని ఎవరూ ట్రై చేయకండి.

తర్వాత కార్నియా సంగతి. ఒక చిన్న లెన్సును గొట్టానికి బిగించి, గొట్టంలో నీళ్ళు పోసి, కంటికి ఆనించుకున్నాడు. కార్నియాకు నీరు తగిలితే దాని పవర్ దాదాపు పోతుంది. ఈత కొట్టేటప్పుడు నీళ్ళలో కళ్ళు తెరిస్తే అన్నీ మసగ్గా కనిపించేది అందుకే. కార్నియా అలా పక్కకి తప్పుకున్నా, యంగ్ దూరం నుంచి దగ్గరికి ఫోకస్ మార్చగలిగాడు. కాబట్టి కార్నియా కూడా కాదు. శుక్లాల ఆపరేషన్‌లో లెన్సు తీసేసిన వాళ్ళను పరీక్షిస్తే, వాళ్ళు మాత్రం ఫోకస్ మార్చలేకపోయారు. ఇక మిగిలింది లెన్సే. దాని ఆకారమే మారుతోంది.

లెన్సే ఒక కండరం అన్న మాట తప్పు. చుట్టూ ఉండే సిలియరీ కండరం ఆ పని చేయిస్తుందని తర్వాత తేలింది. కానీ మారేది లెన్సు ఆకారమే అన్నది నిజం. రాత్రి రెండు దాకా ఫోన్‌లో చిన్న అక్షరాలు చదివితే కళ్ళు లాగేసినట్టు ఉండడానికి ఒక కారణం ఇదే. అంతసేపూ ఆ కండరం బిగిసే ఉంటుంది. దానికి తోడు స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా వేస్తాం, కళ్ళు పొడిబారతాయి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోకి ఇరవై సెకన్లు చూడమని డాక్టర్లు చెప్పేది ఆ కండరాన్ని వదులు చేయడానికే.

ఈ కొలతల మధ్యలోనే ఒక వింత బయటపడింది. రెండు సన్నని సందుల్లోంచి ఒక గీతను చూసే పరికరాన్ని యంగ్ వాడేవాడు. ఫోకస్ ఉన్న చోట మాత్రమే గీత ఒకటిగా కనిపిస్తుంది, మిగతా చోట్ల రెండుగా విడిపోతుంది. దాంతో కొలిస్తే తన కంటికి ఒక దిశలో ఫోకస్ దూరం 10 అంగుళాలు, ఇంకో దిశలో 7 అంగుళాలు వచ్చింది. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే సుమారు 1.7 డయాప్టర్ల సిలిండర్. నా చీటీలోని అంకె కన్నా ఎక్కువే. నీళ్ళ గొట్టం పెట్టినా ఆ తేడా పోలేదు కాబట్టి లోపం కార్నియాలో కాదు, లెన్సులోనే అని కూడా చెప్పగలిగాడు. ఓ పావు శతాబ్దం తర్వాత జార్జ్ ఏరీ అనే ఖగోళ శాస్త్రవేత్త తన కంటికి ఇలాంటి లోపమే ఉందని గమనించి, సిలిండర్ ఆకారంలో చెక్కిన అద్దం చేయించుకున్నాడు. ఇప్పుడు నా ముక్కు మీద ఉన్నది దాని మునిమనవడు.

అక్షరమంటే గీతలే కదా. ఒక దిశ గీతలు నల్లగా, ఇంకో దిశ గీతలు మసగ్గా కనిపిస్తే పెద్ద అక్షరాల్లో నెట్టుకొస్తాం. చిన్న అక్షరాల్లో దొరికిపోతాం. స్క్రీన్ మీద ఫాంట్ మార్చినా, రంగు మార్చినా పోనిది అందుకే పోలేదు.

మూడు చాలు

1801 నవంబరులో ఇంకో ఉపన్యాసం. ఇది వెలుగు గురించి. వెలుగు తరంగమని వాదిస్తూ, మధ్యలో ఒక చోట కొద్ది వాక్యాల్లో రంగుల చూపు గురించి ఒక మాట అన్నాడు.

ఆయన తర్కం అచ్చం ఇంజనీర్ తర్కమే. రంగులు లెక్కలేనన్ని. రెటీనాలో ప్రతి చుక్క దగ్గరా ప్రతి రంగుకీ ఒక్కో గ్రాహకం పెట్టాలంటే చోటు చాలదు. కాబట్టి కొన్నే ఉండాలి. మూడు ఉంటే చాలు, మిగతా రంగులన్నీ ఆ మూడూ ఎంతెంత స్పందించాయన్న దాన్నిబట్టి తెలుస్తాయి. మొదట ఆ మూడూ ఎరుపు, పసుపు, నీలం అన్నాడు. మరుసటి ఏడు దిద్దుకుని ఎరుపు, ఆకుపచ్చ, ఊదా అన్నాడు.

అప్పట్లో దీన్నెవరూ పట్టించుకోలేదు. సుమారు యాభై ఏళ్ళ తర్వాత జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని తవ్వి తీసి పెంచాడు. 1861లో మాక్స్‌వెల్ మూడు రంగుల ఫిల్టర్లతో ఒక గళ్ళ రిబ్బను ఫోటో చూపించి, మూడు రంగులు కలిపితే అన్నీ వస్తాయని నిరూపించాడు. 1960ల్లో కంటిలోని మూడు రకాల కోన్ కణాలను నేరుగా కొలవగలిగారు. యంగ్ ఊహ నిలిచింది.

ఇప్పుడు మీ ల్యాపు స్క్రీన్‌కి ఓ భూతద్దం పెట్టి చూడండి. తెల్లగా కనిపించే ప్రతి పిక్సెల్ నిజానికి పక్కపక్కన నిలబడ్డ మూడు నిలువు చారలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. చోటు చాలదు, మూడు చాలు అని యంగ్ కంటి గురించి చెప్పిన లెక్కే స్క్రీన్ తయారుచేసేవాళ్ళూ వేసుకున్నారు.

చిన్న అక్షరాల కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. 15.6 అంగుళాల మామూలు ల్యాపులో, 1366 బై 768 రిజల్యూషన్ అయితే, అంగుళానికి సుమారు 100 పిక్సెల్స్. అంటే ఒక్కో పిక్సెల్ దాదాపు 0.25 మిల్లీమీటర్లు. మంచి చూపున్న కన్ను ఒక ఆర్క్ మినిట్ తేడాను గుర్తుపడుతుంది. అర మీటరు దూరం నుంచి చూస్తే అది 0.145 మిల్లీమీటర్లు. అంటే పిక్సెల్ కన్నా కన్ను చురుకు. అందుకే అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. కానీ పిక్సెల్‌ని మూడు చారలుగా లెక్కేస్తే ఒక్కో చార 0.085 మిల్లీమీటర్లే. కంటి హద్దు కన్నా చిన్నది!

అయితే అక్షరం అంచు పిక్సెల్ మధ్యలో పడితే మొత్తం పిక్సెల్‌ని నలుపో తెలుపో చేయడం ఎందుకు? అంచు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడిదాకా ఉన్న చారలను మాత్రం ఆర్పితే పోలా? దీన్నే సబ్‌పిక్సెల్ రెండరింగ్ అంటారు. మైక్రోసాఫ్ట్ 1998లో క్లియర్‌టైప్ పేరుతో ప్రకటించింది ఈ పద్ధతినే. విండోస్ ఎక్స్‌పీతో అది జనం కంప్యూటర్లలోకి వచ్చింది.

మరి చారలు విడివిడిగా ఆర్పితే అక్షరాల అంచులకు రంగులు అంటుకోవా? అంటుకుంటాయి. స్క్రీన్‌షాట్ తీసి బాగా జూమ్ చేయండి, నల్ల అక్షరానికి ఒక పక్క ఎర్రని, ఇంకో పక్క నీలి అంచు కనిపిస్తుంది. మామూలుగా చూస్తే కనిపించదు, ఎందుకంటే మన చూపు వెలుగు నీడల తేడాను సన్నగా పట్టుకుంటుంది గానీ రంగు తేడాను అంత సన్నగా పట్టుకోలేదు. పైగా ఆ రంగును పక్క చారలకు కొంచెం కొంచెం పంచి పలచన చేస్తారు. కంటి బలహీనతను కంటి మేలుకే వాడుకున్నారన్నమాట.

ఈ లాభం అడ్డంగా మాత్రమే. చారలు నిలువుగా ఉన్నాయి కాబట్టి అడ్డ దిశలో రిజల్యూషన్ మూడు రెట్లయినట్టు అవుతుంది, నిలువు దిశలో ఏమీ పెరగదు. ఇంగ్లీషుకు ఇది బాగా కలిసొచ్చింది, అందులో నిలువు గీతలే ఎక్కువ. మన తెలుగు సంగతి వేరు. మనది మూడంతస్తుల మేడ: పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు. స్త్రీ అనే ఒక్క అక్షరం చూడండి, ఎంత నిలువు కావాలో. అంత ఎత్తును అదే ఫాంట్ సైజులో ఇరికించాలి కాబట్టి మధ్య అక్షరం చిన్నదైపోతుంది. ప కీ ఫ కీ, ద కీ ధ కీ తేడా కింద ఒక చిన్న గీత. పది పిక్సెల్స్ ఎత్తులో ఆ గీతకు దక్కేది ఒక పిక్సెల్. అది కాస్త పక్క వంపులో కలిసిపోతే ధనం దనమైపోతుంది. ఇంగ్లీషు చదవగలిగిన సైజులోనే తెలుగు చదవలేకపోతే తప్పు మన కళ్ళదీ కాదు, మన లిపిదీ కాదు. కొలత వేరేవాళ్ళ అక్షరాలకు తీసింది, అంతే.

అర్థం కాని మేధావి

మళ్ళీ యంగ్ దగ్గరికి వద్దాం. 1801లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు. జనరంజకంగా సైన్స్ చెప్పాల్సిన చోటు అది. తోటి ప్రొఫెసర్ హంఫ్రీ డేవీ కెమిస్ట్రీ చెబుతుంటే జనం విరగబడి వచ్చేవారు. యంగ్ పాఠాలు మాత్రం ఎవరికీ ఎక్కలేదు. ఒక్కో ఉపన్యాసంలో పుస్తకమంత విషయం కుక్కేవాడు. తనకు తెలిసింది అందరికీ తెలుసన్నట్టు మెట్లు దాటేసేవాడు. 1803లో ఆ ఉద్యోగం మానేశాడు.

ఆ ఉపన్యాసాలను 1807లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేశాడు. మన డబుల్ స్లిట్ అందులోనే ఉంది. ఎనర్జీ అనే మాటను ఇప్పటి శాస్త్ర అర్థానికి దగ్గరగా వాడిందీ అందులోనే. యంగ్స్ మాడ్యులస్ కూడా అక్కడిదే, కానీ ఆయన ఇచ్చిన నిర్వచనం చదివితే మన సార్లకు కూడా చెమటలు పడతాయి. స్ట్రెస్ బై స్ట్రెయిన్ అని మనం రెండు ముక్కల్లో రాసేది తర్వాతివాళ్ళు సాఫు చేసి పెట్టిన రూపం. నౌకల నిర్మాణం మీద నౌకాదళ కార్యాలయానికి ఒక నివేదిక రాస్తే, పాండిత్యం బాగుంది గానీ మాకు అర్థం కాలేదని అక్కడినుంచి మర్యాదగా జవాబొచ్చింది.

దెబ్బ ఇంకో వైపు నుంచీ పడింది. ఎడిన్‌బరో రివ్యూ అనే పత్రికలో హెన్రీ బ్రూమ్ అనే యువ లాయరు పేరు పెట్టకుండా యంగ్ తరంగ సిద్ధాంతాన్ని చీల్చి చెండాడాడు. అంతకు ముందు అతని గణిత వ్యాసాన్ని యంగ్ తప్పుపట్టి ఉన్నాడు, ఆ కోపం. న్యూటన్ మాట కాదన్నవాడు అన్న ముద్ర చాలు ఆ రోజుల్లో. యంగ్ 1804లో జవాబుగా ఒక చిన్న పుస్తకం వేశాడు. అమ్ముడుపోయింది ఒకే ఒక్క కాపీ అని ఆయనే చెప్పుకున్నాడు. తరంగ సిద్ధాంతం నిలబడడానికి ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ గణితంతో వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

అదే ఏడు ఎలైజా మాక్స్‌వెల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. పిల్లల్లేరు. 1811 నుంచి సెయింట్ జార్జెస్ ఆస్పత్రిలో డాక్టరుగా పనిచేశాడు. రోగులు తనను సీరియస్‌గా తీసుకోరేమోనన్న భయంతో, వైద్యం కాని రాతలు చాలా పేరు లేకుండా అచ్చు వేశాడు. అంతటి మనిషి తన పనిని తానే దాచుకోవాల్సి రావడం నాకు బాధగా అనిపించింది.

చదవలేని లిపి

1814లో ఆయన చేతికి రోసెట్టా రాయి నకలు వచ్చింది. ఒకే శాసనం మూడు రాతల్లో: పైన ఈజిప్టు బొమ్మల లిపి, మధ్యలో డెమోటిక్ అనే వాడుక లిపి, కింద గ్రీకు. మొదటి రెండూ చదవగలిగినవాళ్ళు ప్రపంచంలో ఎవరూ మిగల్లేదు. చిన్నప్పుడు డజను లిపులు తిప్పిన కళ్ళు మళ్ళీ పనికొచ్చాయి. అర్థం పక్కన పెట్టి ముందు ఆకారాలు చూశాడు. మధ్య లిపిలోని గీతలు పై బొమ్మలు అరిగి, సన్నబడి వచ్చినవేనని గుర్తించాడు. గుండ్రని చట్రంలో ఉన్న గుర్తులు టోలెమీ రాజు పేరని చెప్పి, కొన్నింటికి సరైన ధ్వనులు ఇచ్చాడు. 1819లో బ్రిటానికా అనుబంధంలో ఈజిప్టు మీద వ్యాసం రాశాడు. 1822లో ఫ్రాన్స్‌కు చెందిన షాంపోలియన్ అసలు తాళం తీశాడు. ఎవరి వాటా ఎంతన్న గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

చివరి రోజుల్లో యంగ్ డెమోటిక్ నిఘంటువు మీద పని చేస్తున్నాడు. ఒంట్లో బాగా నలతగా ఉంది, గుండె జబ్బు. కలం పట్టే శక్తి లేక పెన్సిల్‌తో రాశాడు. 1829 మే 10న, 55 ఏళ్ళ వయసులో లండన్‌లో పోయాడు. కెంట్‌లోని ఫార్న్‌బరోలో సమాధి చేశారు. తర్వాత వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఆయన పేరున ఒక ఫలకం పెట్టారు.

ఆయన జీవితంలో నన్ను ఆపేసిన విషయం ఒకటే. కన్ను ఎలా చదువుతుందో అందరికన్నా ముందు కొలిచినవాడు, తన రాతను ఎదుటివాడు ఎలా చదువుతాడో మాత్రం చూసుకోలేదు. మూడు రంగుల మాట యాభై ఏళ్ళు నిద్రపోవడానికి, మాడ్యులస్‌ని వేరేవాళ్ళు తిరగరాయాల్సి రావడానికి అదీ ఒక కారణమే. విషయం ఎంత గొప్పదైనా అవతలివాడి కంటికి ఆననంత కాలం అది లేనట్టే.

ఇది ఎవరికో చెబుతున్నట్టు రాయట్లేదు. పోయిన సెమినార్‌లో నా పీపీటీలో ఒక్కో స్లైడ్‌కి ఇరవై లైన్లు. వెనక బెంచీ ఏం చదవగలిగిందో నాకు తెలుసు, మార్కులు కూడా అదే చెప్పాయి. మన పత్రిక పోయిన సంచికలో కూడా పేజీలు తగ్గించాలని ఫాంట్ కుదించాం. వత్తులు కనపడట్లేదని ఫోన్లో చదివినవాళ్ళు గోల పెట్టారు. ఈసారి సైజు రెండు పాయింట్లు పెంచాం, లైన్ల మధ్య ఖాళీ పెంచాం. పేజీలు ఎక్కువైతే అవనీయండి.

మీ వైపు నుంచి మూడు పనులు. స్క్రీన్ రిజల్యూషన్ దాని అసలు కొలతలోనే పెట్టుకోండి, తగ్గిస్తే చారల లెక్క తప్పి అక్షరాలు అలుక్కుపోతాయి. విండోస్ వాడుతుంటే క్లియర్‌టైప్ ట్యూనర్ అని వెతికి, చూపించే నమూనాల్లో మీ కంటికి నచ్చినవి ఎంచుకోండి, రెండు నిమిషాల పని. ఇవి చేసినా అక్షరాలకు నీడలు కనిపిస్తే స్క్రీన్‌ని తిట్టుకోకుండా వెళ్ళి కళ్ళు చూపించుకోండి. చీటీలో సిలిండర్ గడి నిండితే కంగారు పడకండి. ఆ గడిలో మొదటి అంకె రాసుకున్నది యంగ్ గారే.